సంక్రాంతికి చిన్న బండి మీద ఊరికి: చలి దారిలో సమస్యలు, పరిష్కారాలు

సంక్రాంతి వారంలో బస్సు టికెట్లు దొరకవు, దొరికినా రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే బెంగళూరులో ఉండే మనవాళ్లు చాలామంది వంద సీసీ బండి మీదే ఊరికి బయలుదేరతారు. నేనూ కొన్నేళ్లుగా మారతహళ్లి నుంచి అనంతపురం వైపు అలాగే వెళ్తున్నాను. హెబ్బాళ, దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో సుమారు 210 కిలోమీటర్లు. బాగున్న స్ప్లెండర్‌కో షైన్‌కో ఇది పెద్ద దూరం కాదు. చలికాలంలో బండి కన్నా ముందు దాన్ని నడిపే మనిషే మొరాయిస్తాడు. అందుకే ముందు మనిషి సంగతి, తర్వాత బండి సంగతి చెబుతాను.

వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు అందడం లేదు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మొదటి ఏడాది చిక్కబళ్ళాపురం దాటాక నాకు కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు పట్టాలని మనసు చెబుతోంది, లివరు మీద వేళ్లు మాత్రం మూసుకోలేదు. కుక్కే తప్పుకుంది కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాను.

కారణం గాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఊరి బయట చలి ఇంకా ఎక్కువ. 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి అది దాదాపు 5 డిగ్రీల చలిలా తగులుతుంది. ఆ గాలికి ఎదురుగా ఉండేవి చేతులే. పైగా ఒళ్లు చల్లబడితే శరీరం గుండెకు, కడుపుకు వేడి దాచుకోవడానికి వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. కాబట్టి ఛాతీ చల్లబడినా వేళ్లు మొద్దుబారతాయి. గ్లౌజులు మంచివే వేసుకున్నా వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ఛాతీకి, మెడకు గాలి తగులుతోందేమో చూసుకోండి.

ఉన్ని గ్లౌజుల్లోంచి గాలి నేరుగా దూరుతుంది. వాటి మీద వంటింట్లో గిన్నెలు తోమడానికి వాడే రబ్బరు గ్లౌజులు ఒక సైజు పెద్దవి తొడిగితే గాలి ఆగుతుంది. బిగుతుగా రెండు జతలు మాత్రం వేసుకోవద్దు, రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. హ్యాండిల్‌కు తొడిగే కవర్లు కొంటే, గాలి ఒత్తిడికి కవరు వెళ్లి బ్రేకు లివరును నొక్కుతోందా, చెయ్యి ఒక్క క్షణంలో బయటకు వస్తోందా అని ముందే వీధిలో తిరిగి చూడండి.

దారిలో వేళ్లు మొద్దుబారితే బండి ఆపడం ఒక్కటే మందు. చాలామంది ఇంజిన్ మీదో సైలెన్సర్ మీదో చేతులు పెడతారు. వద్దు. స్పర్శ లేని వేళ్లకు కాలుతున్న సంగతి తెలియదు, గ్లౌజులు కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఆ కుక్క అడ్డం వచ్చిన రోజే బాగేపల్లిలో ఒక టీ కొట్టు పెద్దాయన నా చేతులు చూసి, "నాయనా, చేతులు ముందు చంకలో పెట్టుకో. గ్లాసు తర్వాత పట్టుకుందువులే" అన్నాడు. ఐదు నిమిషాల్లో ప్రాణం లేచి వచ్చింది. ఇప్పటికీ అదే చేస్తాను.

బాగా ఎండెక్కాక కూడా అరచేతులు జుమ్మంటున్నాయంటే అది చలి కాదు, బండి అదురు. వేగం 65 నుంచి 55కి దించండి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకోండి. అయినా తగ్గకపోతే ఇంజిన్ బోల్టులు వదులయ్యాయేమో చూపించండి.

స్వెటర్ వేసుకున్నా ఒళ్లు వణుకుతోంది

స్వెటర్ వేడిని పట్టి ఉంచుతుంది కానీ గాలిని ఆపలేదు. స్వెటర్ మీద రెయిన్‌కోటు వేయండి, ప్యాంటు మీద దాని ప్యాంటు వేయండి. వర్షాకాలంలో కొని మూలన పడేసిన ఆ కోటు చలికాలంలో వేల రూపాయల జాకెట్ చేసే పని చేస్తుంది. దారిలో ఇంకా చలేస్తే టీ కొట్టులో పాత న్యూస్ పేపర్ అడిగి, నాలుగు మడతలు వేసి చొక్కాకూ స్వెటర్‌కూ మధ్య ఛాతీ మీద పెట్టుకోండి. మెడ చుట్టూ సందు లేకుండా మఫ్లర్ కట్టి, కొసలు కోటు లోపలికి తోయాలి. వేలాడే కొస చక్రంలో పడితే ప్రాణాంతకం.

హెల్మెట్ కింద మందపాటి మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు, గంటలో తలనొప్పి వస్తుంది. తల, మెడ కప్పే పలచటి గుడ్డ తొడుగు (బాలాక్లావా) చాలు.

వణుకు ఆగకుండా ఉండి, మాట తడబడి, గేరు వేయడం కూడా కష్టమవుతుంటే ఇక ముందుకు వెళ్లకండి. గాలి తగలని చోట కూర్చుని వేడిగా ఏదైనా తాగండి, తినండి. చలికని మద్యం పుచ్చుకుంటే వెచ్చగా అనిపిస్తుందే తప్ప ఒంట్లో ఉన్న వేడి బయటకు పోతుంది.

హెల్మెట్ అద్దం మసకబారుతోంది

ఊపిరిలోని తేమ చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. ముందురోజు రాత్రి అద్దం లోపలి వైపు గిన్నెల సబ్బు ద్రవం ఒక చుక్క వేసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా ఆరేదాకా తుడవండి. కొన్ని గంటలు పనిచేస్తుంది. మఫ్లర్ ముక్కు మీదికి కడితే ఊపిరంతా అద్దం మీదికే పోతుంది, గడ్డం కిందికి కట్టండి. మంచు బాగా ఉంటే అద్దం ఒక వేలు సందు తెరిచి నెమ్మదిగా వెళ్లడమే.

హెడ్‌లైట్ వేసినా పొగమంచులో దారి కనబడటం లేదు

హై బీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. డిమ్ వేయండి. పాత చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు నేరుగా ఇంజిన్ నుంచే వస్తుంది, అందుకే వేగం తగ్గగానే లైటు గుడ్డిదవుతుంది. అలాంటప్పుడు ఒక గేరు తగ్గించి నడిపితే ఇంజిన్ తిరుగుడు పెరిగి వెలుగు నిలబడుతుంది. రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీతను చూస్తూ వెళ్లండి. ముందు పోయే లారీ వెనక లైట్లను నమ్ముకుని దగ్గరగా వెళ్లొద్దు. అది ఆగితే మనకు ఆగే చోటు ఉండదు.

వెనక సీటు మీద కట్టిన బ్యాగు టెయిల్ లైటును మూసేస్తోందా? పండక్కి వెళ్లే బండ్లలో ఈ తప్పు తరచూ చూస్తుంటాను. సామాను కట్టాక పది అడుగులు వెనక్కి వెళ్లి, ఒకరిని బ్రేకు నొక్కమని చెప్పి చూసుకోండి. బ్యాగుకు రిఫ్లెక్టర్ టేపు అంటించండి.

అన్నిటికీ మించిన పరిష్కారం బయలుదేరే సమయం. హెబ్బాళ ట్రాఫిక్ తప్పించుకోవాలని మనవాళ్లు నాలుగింటికే బయలుదేరి సరిగ్గా మంచులోకి వెళ్లి పడతారు. దేవనహళ్లి దగ్గర పొగమంచు ఎంత ఉంటుందంటే, చలికాలం పొద్దున అక్కడి విమానాశ్రయంలో విమానాలే ఆలస్యమవుతుంటాయి. లేవగానే ఫోనులో ఆ విమానాల సమయాలు చూడండి. వరసగా ఆలస్యం అని ఉంటే మీరూ ఆగండి. జనవరిలో బెంగళూరులో సూర్యోదయం ఆరూ నలభై ఐదు ప్రాంతంలో. నేను ఆరు దాటాకే ఇల్లు కదులుతాను, మంచు ఎదురైతే రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తింటూ ఎనిమిది దాకా కూర్చుంటాను. చలి, మంచు, నిద్ర మూడూ దీనితోనే సగం తగ్గుతాయి. ట్రాఫిక్‌లో ఒక అరగంట పోతే పోనివ్వండి.

పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమని ఆగిపోతే అది బ్యాటరీ. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, రెండు మూడేళ్ల పాత బ్యాటరీ అయితే అప్పుడే బయటపడుతుంది. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.4 కన్నా తక్కువ చూపిస్తే చార్జింగ్ పెట్టించి, మళ్లీ పడిపోతే మార్చేయండి. ఇది ప్రయాణానికి రెండు వారాల ముందు చూడాల్సిన పని. పండగ ముందురోజు మెకానిక్ దొరకడు.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా అంటుకోకపోతే పెట్రోలు సంగతి చూడాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకే కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పాత బండికి చోక్ కావాలి, అది గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రెండు మూడు కిక్కులు కొట్టండి. అంటుకున్నాక ఒక నిమిషం ఆగి చోక్ మూసేయండి. మరచిపోయి అలాగే వెళ్తే ప్లగ్ (పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చే భాగం) మీద మసి పేరుకుని బండి దారిలో ఆగుతుంది. ప్లగ్ విప్పి చూడటం అందరూ నేర్చుకోవాలి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మురికిపట్టిందేమో చూడండి. పెట్రోలుతో తడిసి ఉంటే ప్లగ్ తుడిచి బిగించి, చోక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఐదారు కిక్కులు కొట్టండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే పంపుతో పెట్రోలును చిమ్మే ఏర్పాటు ఉంటుంది. వీటికి చోక్ ఉండదు. తాళం తిప్పాక పంపు సన్నగా మోగి ఆగేదాకా రెండు మూడు క్షణాలు ఆగి, అప్పుడు సెల్ఫ్ నొక్కండి. ఇలాంటి బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్ కొట్టినా పంపుకు కరెంటు చాలకపోవచ్చు. అందుకే వీటిలో బ్యాటరీ మీద ఇంకా శ్రద్ధ కావాలి.

ఫస్ట్ గేరు వేయగానే బండి ఎగిరి ఆగిపోతే భయపడకండి. రాత్రి చలికి ఆయిల్ చిక్కబడి క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటాయి. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, క్లచ్ పట్టి నాలుగడుగులు ముందుకు వెనక్కి తోస్తే విడిపోతాయి.

కొంత దూరం పోయాక గుక్కపట్టినట్టు ఆగిపోతోంది

ముందు పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. స్స్ అని గాలి లోపలికి పీల్చుకుని, తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పిన్నీసుతో శుభ్రం చేస్తే సరి.

అది కాకపోతే పెట్రోలులో నీళ్లు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ చెమటలా గోడలకు పడుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి అడుగుకు దిగుతుంది. కార్బొరేటర్ బండి అయితే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త పెట్రోలు సీసాలోకి వదిలి చూడండి, అడుగున నీటి బొట్లు కనబడతాయి. ఇంజెక్షన్ బండిని మెకానిక్‌కు వదిలేయండి. ప్రయాణం ముందురోజు రాత్రే ట్యాంకు నింపి పెడితే ఈ బాధ చాలావరకు రాదు.

సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, నీటి చుక్కలు

మొదటి ఐదు పది నిమిషాలైతే అది ఆవిరే, రిపేరు అక్కర్లేదు. బండి వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. అలాంటి బండితో దూరం వెళ్లొద్దు.

టైరు మెత్తగా అనిపిస్తోంది

మధ్యాహ్నం 28 డిగ్రీల్లో గాలి కొట్టించి తెల్లవారి 14 డిగ్రీల్లో బయలుదేరితే టైరులో గాలి రెండు, రెండున్నర పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దానంతటదే తగ్గుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. వెనక మనిషి, సామాను ఉంటే వెనక టైరుకు ఎంత ఉండాలో బండి స్టిక్కరు మీద విడిగా రాసి ఉంటుంది. చైన్‌కు ముందురోజు సాయంత్రం ఒక రౌండు తిరిగి వచ్చి వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ వేస్తే లోపలికి దిగుతుంది.

ఎండ వచ్చాక కళ్లు మూతలు పడుతున్నాయి

రెండు గంటలు చలితో పోరాడిన ఒళ్లు వెచ్చగా కాగానే సొలుగుతుంది. పెనుకొండ ప్రాంతంలో తొమ్మిది, పది మధ్య నాకు ఏటా ఇదే. టీతో సరిపెట్టుకోకుండా బండి నీడన పెట్టి పావుగంట పడుకోండి. చలిలో దాహం తెలియదు కాబట్టి ఆగిన ప్రతిసారీ నీళ్లు తాగండి. గంటకోసారి ఆగడం ముందే లెక్కలో పెట్టుకుంటే ఆరేడు గంటల ప్రయాణం అవుతుంది, ఇంట్లోవాళ్లకు ఆ సమయమే చెప్పండి. తొందరగా వస్తానని చెప్పి మనమే తొందరపడతాం.

ఊరి రోడ్డు మీద చక్రం జారుతోంది

హైవే దిగి మన ఊరి దారి పట్టాక, ఇల్లు వచ్చేసిందన్న ధీమాలో ఉంటాం. ఆ రోజుల్లో కంది కట్టెను రోడ్డు మీదే పరిచి ఉంటారు, వాహనాలు తొక్కితే గింజ రాలుతుందని. దాని మీద బ్రేకు వేస్తే గింజలు గోళీల్లా దొర్లి ముందు చక్రం పక్కకు పోతుంది. దూరం నుంచే వేగం తగ్గించి, కంది మీద ఉన్నంతసేపు బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా సెకండ్ గేరులో నిదానంగా దాటండి. వెనక పిల్లలు కూర్చుని ఉంటే దింపి, పక్కగా నడిపించి తర్వాత ఎక్కించుకోండి.