పియాజే దశలు తారుమారవుతున్నాయా?
టెట్, డీఎస్సీకి చదివేవాళ్లకి పియాజే దశల (వయసుతో పాటు పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో ఆ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త చెప్పిన నాలుగు మెట్లు) వయసులతోనే గోల. మా విజయనగరం పిల్లలతో ఇలా గుర్తుపెట్టుకున్నాను, ఒక్కో దశకి ఒక్క చేష్ట.

0-2, ఇంద్రియ చాలక: బొమ్మ మీద తువ్వాలు కప్పితే లాగి వెతికే పక్కింటి పాప. 2-7, పూర్వ ప్రచాలక: అవే పాలు సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయనే బుడ్డోడు. ఇది ఇంట్లో నిజంగా చేసి చూడండి, భలే ఉంటుంది. 7-11, మూర్త ప్రచాలక: "అవే పాలు కదరా" అని నవ్వే వాళ్లక్క. 11 దాటాక, అమూర్త ప్రచాలక: సిరిమాను రోజున తుపానొస్తే ఏమేం చేయొచ్చో ఊహించి వాదించే టెన్త్ కుర్రాడు.

పిల్లల నైతిక వికాసానికి స్థాయిలు చెప్పిన కోల్‌బర్గ్‌కి మాత్రం ఈ వయసుల చిట్కా పనికిరాదు. అక్కడ వయసు కన్నా, తప్పొప్పులకి పిల్లలు చెప్పే కారణాన్ని బట్టి స్థాయి తేల్చాలి.