ఇంకొక్క టేక్ అనకండి: ఎండాకాలం కుక్కతో షూటింగు పెట్టుకున్నవారికి

పోయిన వారం ఒక చిన్న సినిమా షూటింగులో మూడేళ్ల లాబ్రడార్ చనిపోయింది. కొండల్లో తప్పిపోయిన యజమానిని వెతుక్కుంటూ అది బండల మీద పరుగెత్తే సన్నివేశం. ఉదయం పదకొండు గంటలప్పుడు ఆరు టేకులు తీశారు. ఏడోసారి బంతి విసిరితే వెళ్లి నోట కరుచుకుంది, తిరిగి వస్తూ వెనక కాళ్లు తడబడి కూలిపోయింది. బంతి విసిరిన కుర్రాడు సాయంత్రం నాకు ఫోను చేసి ఏడుస్తూ ఒకటే మాట చెప్పాడు: “అలసిపోయినట్టే కనబడలేదన్నా.”

షూటింగులకు కుక్కలను తయారుచేయడం నా పని. ఈ మాట ఇంతకుముందు కూడా విన్నాను. అలసట నిజంగానే కనబడదు. మనిషైతే ‘ఇక నా వల్ల కాదు’ అని కూర్చుంటాడు. కుక్క మీ చేతిలోని బంతినే చూస్తుంది, మీరు విసిరితే ప్రాణం మీదికి వచ్చినా వెళ్తుంది. ఆపాల్సింది మీరే.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు. ఒంట్లోని వేడిని ముఖ్యంగా రొప్పుతూ నోటి నుంచే వదలాలి. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఎండ తక్కువగా ఉందని ధీమా పడకండి. గాలిలో తేమ ఎక్కువైతే ఎంత రొప్పినా వేడి దిగదు. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు పరుగు సన్నివేశమే రాయవద్దు.

2022లో ‘777 చార్లీ’ అనే కన్నడ సినిమా వచ్చాక లాబ్రడార్ కథలతో నా దగ్గరికి వచ్చేవారు పెరిగారు. ఆ సినిమాలో చార్లీ అనే లాబ్రడార్ మంచును చూడటానికి ఉత్తరాదికి వెళ్తుంది. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ చలినీళ్లలో పనిచేసిన కుక్కలు. ఆ దట్టమైన బొచ్చుతో మన ఏప్రిల్ ఎండలో బండల మీద పరుగెత్తిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

నాలుక చూస్తూ ఉండండి. అది వెడల్పై గరిటెలా పక్కకు వేలాడినా, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగినా, చొంగ తీగలా సాగినా ఆ రోజుకు పని అయిపోయినట్టే. ‘ఇంకొక్కటి’ అని దర్శకుడు అడిగినా, నిర్మాత అడిగినా కుదరదని చెప్పండి. ‘ఇంకొక్కటి’ కోసమే ఆ కుక్క పోయింది.

మిగతావి వరసగా చెబుతాను. జంతువు నటించే సినిమాకు 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకు ముందే తీసుకోవాలి. పరుగు సన్నివేశాలు ఎండ ఎక్కకముందే ముగించండి. రెండు టేకులు, ఆ తర్వాత ఇరవై నిమిషాలు నీడ. బండ మీద అరచేతి వెనక వైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, మీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఆగి ఉన్న కారులో ఉంచవద్దు, అద్దాలు కొంచెం దించినా సరే. గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వవద్దు. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవుల్లోకి తీసుకుపోవద్దు: చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం, పైగా కుక్కల రోగాలు అడవి జంతువులకూ అంటుకుంటాయి, డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ సోకి 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాలు చనిపోయాయి. దగ్గరలోని పశువైద్యుడి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు.

కూలిపోతే వెంటనే నీడలోకి మోయండి. కాలర్ విప్పండి. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. మనుషుల జ్వరం మాత్రలు వేయవద్దు. ముందు చల్లబరచండి, తర్వాతే బండి ఎక్కించండి. లేచి తోక ఊపినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులకు గాని బయటపడకపోవచ్చు. మర్నాడు హుషారుగా కనిపించిందని, మిగిలిన ఒక్క షాటు కోసం మళ్లీ కొండ మీదికి తేవద్దు.