విద్యార్థుల వంటకాల వెబ్‌సైట్: వెతికినది దొరకకపోతే ఎక్కడ చూడాలి

చేతిలో ఉన్న సరుకుల పేర్లు టైప్ చేస్తే తక్కువ ఖర్చుతో అయ్యే వంటకాలు చూపించే వెబ్‌సైట్‌ను నిర్మించేవారు తొలి తప్పుల కోసం పేజీ రూపకల్పనలో వెతుకుతారు. నిజానికి అవి ఎక్కువగా సరుకుల పేర్లలో, కొలతల్లో దాగి ఉంటాయి.

సమస్య: వంటకం డేటాబేస్‌లో ఉన్నా ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది.

మనం ‘బంగాళాదుంప’ అని నమోదు చేస్తే వరంగల్ విద్యార్థి ‘ఆలుగడ్డ’ అని, చిత్తూరు విద్యార్థి ‘ఉర్లగడ్డ’ అని వెతుకుతారు. గోంగూర పుంటికూర అవుతుంది, సొరకాయ ఆనపకాయ అవుతుంది. అందుచేత ప్రతి సరుకుకూ ఒక ఐడీ (గుర్తింపు సంఖ్య) ఇచ్చి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే రూపాలతో సహా దాని పేర్లన్నిటినీ వేరే టేబుల్‌లో ఉంచి, వెతకడం ఆ ఐడీ ద్వారా జరిగేలా చూడాలి. ఈ పట్టికను ఎవరో ఒకరు కూర్చుని రాయవలసిందే. వేర్వేరు జిల్లాల మిత్రులు నలుగురుంటే ఒక సాయంత్రం పని.

పేర్లు సరిగా ఉన్నా ఫలితం రాకపోతే, కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ కోడ్ ఇచ్చే పద్ధతి అయిన యూనికోడ్‌ను అనుమానించాలి. ‘మైదా’లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్‌ల కలయికగానూ రాయవచ్చు, కంటికి ఒకేలా కనిపించే ఆ రెండూ కంప్యూటర్‌కు వేర్వేరు పదాలు. ‘బీట్‌రూట్’ మధ్యలో కనిపించకుండా ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) కూడా ఇదే ఇబ్బంది పెడుతుంది. నమోదులోనూ వెతుకులాటలోనూ పదాన్ని, ఇలాంటి కోడ్‌ల కలయికను ఒకే కోడ్‌గా మార్చే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చి, ఆ జాయినర్‌ను తొలగిస్తే సరిపోతుంది.

సమస్య: ఫలితాలు వందల్లో వస్తాయి, లేదా అసలు రావు.

టైప్ చేసినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలంటే గుడ్డు అడిగినవారికి కేకులు కూడా వస్తాయి. అన్నీ ఉండాలంటే ఐదు సరుకులు రాసినవారికి ఏదీ దొరకదు. ఇంకా కొనవలసిన సరుకులు ఎన్ని ఉన్నాయో లెక్కించి, తక్కువ ఉన్న వంటకాన్ని పైన చూపడం మేలు. ఉప్పు, నూనె, పసుపు, కారం, ఆవాలను ఆ లెక్కలోకి తీసుకోకూడదు.

సమస్య: ఖర్చు నమ్మేలా లేదు.

కందిపప్పు కిలో 160 రూపాయలనుకుంటే, పప్పుచారుకు వాడే 75 గ్రాముల ఖరీదు 12 రూపాయలు; అరకిలో ప్యాకెట్‌కు 80 కావాలి. నెలాఖరున జేబులో 50 రూపాయలే ఉన్నవారికి రెండో అంకె తెలియాలి కనుక రెండూ చూపాలి. కప్పు బియ్యం, కప్పు అటుకులు ఒకే బరువు తూగవు కాబట్టి ప్రతి సరుకుకూ కప్పు బరువును గ్రాముల్లో విడిగా నమోదు చేయాలి. ధర పక్కన తేదీ తప్పనిసరి: 2023 జూలైలో టమాటా చాలాచోట్ల కిలో వంద రూపాయలు దాటింది, ఆనాటి ధరను అలాగే వదిలేస్తే ఈనాటికీ టమాటా పప్పు ఖరీదైన వంటకంగానే కనిపిస్తుంది.

సమస్య: చూసినవారు వండలేకపోతున్నారు.

గదిలో ఉన్నది ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఒక్కటే అయినప్పుడు మిక్సీ, ఓవెన్ కోరే వంటకాలతో ప్రయోజనం లేదు. ప్రతి వంటకానికీ కావలసిన పరికరాలను నమోదు చేసి, వాటి ప్రకారం వడపోసే వీలు కల్పించాలి.