ఏటిగట్టు కోతలో పాత ఊరిని గుర్తించడం

ఏటి ఒడ్డున పాత కుండ పెంకు ముక్క కనబడగానే ప్రాచీన నగరం బయటపడిందని సంబరపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ముందు దాని అంచు చూడండి. నున్నగా అరిగితే నీళ్లలో దొర్లుకుంటూ వచ్చినదే కావచ్చు. పదునుగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

తర్వాత ఏరు కోసిన నిలువు గట్టును కాస్త దూరం నుంచి పరిశీలించండి. వరద వదిలిన ఒండ్రు సాధారణంగా లేత రంగులో, సన్నని చారలుగా ఉంటుంది. మనుషులు మసలిన పొర ముదురు రంగులో ఉంటుంది. అందులో బొగ్గు, ఎముకలు, పెంకులు కలగలిసి ఉంటాయి. ఈ రెండూ మార్చి మార్చి వస్తుంటే, ఏరు ముంచినా జనం మళ్లీ వచ్చారన్నమాట.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం పొయ్యి. బూడిద కింద మన్ను ఎర్రగా కాలి గట్టిపడితే, మంట అక్కడే మండినట్టు. కొట్టుకొచ్చిన బొగ్గు కింద ఆ ఎరుపు ఉండదు. సెర్బియాలో దాన్యూబ్ నది ఒడ్డున ఉన్న లెపెన్‌స్కి వీర్ అనే ప్రాచీన ఊరి తవ్వకాల్లో, ఇళ్ల లోపల నడిమధ్యన రాళ్లు పేర్చిన పొయ్యిలు బయటపడ్డాయి. పాత ఇంటి మీదే కొత్త ఇల్లు కట్టిన ఆనవాళ్లూ ఉన్నాయి.

కాల నిర్ణయానికి దూలం బొగ్గు కన్నా మాడిన గింజ మేలు. చెట్టు నరికేనాటికే దాని నడిమి చేవకు వందల ఏళ్లు ఉండవచ్చు. గింజది ఒక్క పంట కాలమే. బొగ్గు, గింజల్లాంటి వాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు చెప్పే రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 ఏళ్ల వరకే పనిచేస్తుంది.

దేన్నీ పెకలించకండి. పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి, గట్టు పైనుంచి లోతు రాసుకుని, పురావస్తు శాఖకు తెలపండి. కింద కోసుకుపోయిన గట్టు దగ్గర మాత్రం నిలబడవద్దు, చెప్పకుండా కూలుతుంది.