దారి పక్క పూలు – 4వ పాఠం: జిల్లేడు

పోయిన పాఠంలో తుమ్మిపూల కోసం నేల మీద మోకాళ్లూనాం. ఈసారి ఆ శ్రమ లేదు. చెట్టు నడుమెత్తున ఉంటుంది, పువ్వు కంటికి ఎదురుగానే ఉంటుంది. ఇబ్బందల్లా పేరుతోనే. "నీ కొంపలో జిల్లేళ్లు మొలవ!" అని తిట్టుకునే జాతి మనది.

ఆ తిట్టునే ముందు చూద్దాం. ఎవరూ ఉండని ఇంటి పెరట్లో, కూలిన మొండిగోడ పక్కన, మట్టి తవ్వి వదిలేసిన చోట ముందుగా లేచేవాటిలో జిల్లేడు ఒకటి. పాలకు భయపడి పశువులు పెద్దగా ముట్టవు. మిగతా మొక్కలన్నీ మేతకు పోయినా ఇది నిలబడుతుంది. అంటే తిట్టినవాళ్లు చెట్టును బాగానే గమనించారు. జానపదుల మాట విన్నప్పుడల్లా "దీని వెనక వాళ్లు ఏం చూసి ఉంటారు?" అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

ఇక పువ్వు దగ్గరికి. నేను సింగరాయకొండ నుంచి పాకల సముద్రం వైపు వెళ్లే దారిలో చూస్తాను. ఇసుక నేల, తాటిచెట్లు, మధ్యలో బూడిదరంగు ఆకులతో జిల్లేళ్లు. మీకు మీ ఊరి బస్టాపు వెనక ఉన్నదైనా చాలు. ఒక గుండుసూది, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. నీళ్లు తాగడానికి కాదు.

ఎందుకంటే పాలు. చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే మా ఇంట్లో జిల్లేడు పాలే పోసేవాళ్లు, అందుకని నాకు వాటంటే భయముండేది కాదు. ఒకసారి మొగ్గలు టప్‌మని పేల్చి అదే చేత్తో కన్ను నులుముకున్నాను. ఆ పూటంతా లోకం మంచులో కనబడింది. ఆ పాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను దెబ్బతీస్తాయి. ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా తెలియదు, చూపు మాత్రం మసకబారుతుంది. పడితే ఆపకుండా నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. భారతం ఆదిపర్వంలో ధౌమ్యుడి శిష్యుడు ఉపమన్యుడు ఆకలికి తాళలేక జిల్లేడాకులు తిని, చూపు పోయి బావిలో పడతాడు. కథలో ఇంకే ఆకూ కాకుండా ఈ ఆకే ఎందుకు వచ్చిందో నాకు ఆ పూట తెలిసింది.

రాలిన పువ్వు కాకుండా తాజాది ఒకటి పట్టుకోండి. అడుగున 5 రేకలు. మైనంతో చేసినట్టు దళసరిగా, లేత వంగపండు రంగులో ఉంటాయి. రేకలు వెనక్కి విచ్చుకుని ఉంటే పెద్ద జిల్లేడు. నిక్కబొడుచుకుని కొసల్లో ముదురు ఊదా మచ్చ ఉంటే రెండో రకం. నడుమ ఒక కిరీటం, దాని నెత్తిన అయిదు మూలల చదునైన పీట. ఆ మూలల కింద సన్నని చీలికలుంటాయి. సూదిమొన ఒక చీలికలో పెట్టి మెల్లగా పైకి లాగండి. నల్లటి చుక్కకు అటొకటి ఇటొకటి వేలాడుతూ రెండు పసుప్పచ్చ తిత్తులు వస్తాయి, అచ్చం కావడిలా. ఈ పువ్వు పుప్పొడిని పొడిగా రాల్చదు, ఇలా కావడి కట్టి ఉంచుతుంది. పెద్ద నల్ల తుమ్మెద తేనెకొచ్చి కాలు చీలికలో ఇరికించుకుంటే కావడి దానికి తగులుకుంటుంది. మరో పువ్వు చీలికలో సరిగ్గా దిగితేనే కాయ. అందుకే గుత్తులకు గుత్తులు పూసినా కాయలు నాలుగైదే కనబడతాయి. మొదటిసారి నాకు కావడి రావడానికి ఆరు పువ్వులు పట్టాయి, టెన్షన్ పడకండి.

తిట్టే నోటితోనే మొక్కుతాం కూడా. 'అర్క' అంటే సూర్యుడు, జిల్లేడూ. మాఘ శుద్ధ సప్తమి, రథసప్తమి నాడు 7 జిల్లేడాకులు, రేగుపళ్లు తల మీదా భుజాల మీదా పెట్టుకుని స్నానం చేస్తాం. వినాయకచవితి 21 పత్రుల్లో అర్కపత్రం ఉంది. ఆంజనేయుడికి జిల్లేడు పూల దండ. మూడో పెళ్లి అచ్చిరాదని ముందు జిల్లేడు చెట్టుకు తాళికట్టే అర్కవివాహం కూడా ఉంది. ఆ కీడేదో చెట్టే భరిస్తుందన్నమాట. తెల్ల జిల్లేడు వేరుతో చేసే గణపతి బొమ్మ కోసం చెట్టును మొదలంటా తవ్వుకుపోవడం మాత్రం నాకు నచ్చదు. దండం ఎక్కడున్నా పెట్టుకోవచ్చు కదా.

వారం పని: ఇంట్లో పెద్దవాళ్లను "జిల్లేడుతో ఏం చేసేవాళ్లు?" అని అడగండి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే, ఊరి పేరుతో సహా రాసుకోండి. సరిదిద్దొద్దు, వైద్యాలు ప్రయత్నించొద్దు.

రెండో పని: ఆకుల అడుగున వెతకండి. నలుపు, తెలుపు, పసుపు చారలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి పోగులతో గొంగళిపురుగు కనబడితే కదపకండి. పక్షులకు చేదు తగిలే నారింజరంగు సీతాకోకచిలుకగా మారేది అదే, ఆ చేదు ఈ పాలదే. ఆ కొమ్మకు దారం కట్టి మర్నాడు మళ్లీ వెళ్లండి.

వచ్చే పాఠం తంగేడు.