పశువైద్యం చదవాలనుందా? ఆ ఇష్టం గట్టిదో కాదో ముందే తేల్చుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం వైపు బైపీసీ చదివే పిల్లల్లో చాలామందికి వెటర్నరీ రెండో మాట. ఎంబీబీఎస్ వస్తే సరే, రాకపోతే ఇది. అలా చేరడం తప్పేమీ కాదు, అలా చేరి మంచి పేరు తెచ్చుకున్న డాక్టర్లూ ఉన్నారు. కాకపోతే పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అయిదున్నరేళ్ల చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ పని మనకు పడుతుందా లేదా అన్నది ఫీజు కట్టాక కాదు, పదో తరగతి సెలవుల్లోనో ఇంటర్ మొదటి ఏడాది అవగానో చూసుకోవాలి.

1. కారణం కాగితం మీద రాయండి

"జంతువులంటే ఇష్టం" అని రాస్తే కొట్టేయండి. కుక్కపిల్లని ముద్దు చేసే ఇష్టం వేరు, అర్ధరాత్రి సాలలో పేడలో మోకాళ్లూని దూడని బయటికి తీసే ఓపిక వేరు. కళ్లతో చూసినదేదో రాయండి: వీధిలో గేదె ఈనలేక చనిపోవడం, వర్షాల్లో పశువుల గొంతువాపు జబ్బు ఊరంతా తిరగడం. దాని కింద ఒక ప్రశ్న వేసుకోండి. "ఇంత ఖర్చు పెట్టినా ఇది బతకడం అనుమానమే" అని రైతు మొహం మీద చెప్పగలనా? పశువైద్యంలో మందుతో పాటు డబ్బు లెక్క కూడా ఉంటుంది. ఇది చాలామంది పిల్లలకు కాలేజీలో చేరాక గానీ తెలియదు.

2. మండల పశువుల ఆస్పత్రిలో కొన్నాళ్లు నిలబడండి

ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లి డాక్టరుగారిని అడగండి. ఒక్కరోజు చూస్తే లాభం లేదు, వరసగా రెండు మూడు వారాలు వెళ్లాలి. వర్షాలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేసే రోజులైతే మరీ మంచిది. ఊళ్లు తిరగడం, తాళ్లు కట్టడం, కొమ్ములకు దొరక్కుండా నిలబడటం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మానాపురం, అలమండ, నారాయణవలస సంతలకు వెళ్తే పశువుని పళ్లు చూసి బేరం చేసేవాళ్ల కన్ను ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఆ కన్ను డాక్టరుకీ కావాలి.

చూడ్డమే మీ పని, ముట్టుకోవద్దు. ముఖ్యంగా ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే దూడ పడిపోయిన) పశువు మాయని, చొల్లు కారుస్తూ పిచ్చిగా ప్రవర్తించే పశువుని. మొదటిదాని నుంచి బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు, రెండోదాని నుంచి రేబిస్ మనుషులకు రావచ్చు. హఠాత్తుగా చచ్చి ముక్కు నుంచి నల్లని రక్తం కారే పశువైతే దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోయకూడదు, దగ్గరికి పోకూడదు.

3. బాగున్న పశువుని చదవడం నేర్చుకోండి

జబ్బు గుర్తుపట్టాలంటే ముందు ఆరోగ్యం తెలియాలి. ఇంట్లో సాధువైన ఆవు ఉంటే, ఎవరైనా పట్టుకోగా, పక్కన నిలబడి (వెనక కాదు) చూడండి. నీడలో ఉన్న ఆవు ఉష్ణోగ్రత 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. థర్మామీటరు మొన మలద్వారం గోడకు ఆనాలి. పేడలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది, జ్వరం ఉన్నా లేదనుకుంటాం. ఎండలోంచి వచ్చిన గేదెకు వెంటనే పెడితే లేని జ్వరం కనిపిస్తుంది. నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ కాబట్టి అది తొందరగా వేడెక్కుతుంది.

తర్వాత ఎడమ డొక్క పల్లంలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపల పెద్దపొట్ట రెండు మూడుసార్లు చేతిని పైకి నెట్టాలి. ఈ కదలిక మొదటిసారి చేతికి తగిలినప్పుడు మీకు ఏమనిపించిందో గమనించండి. వీళ్లో వాళ్లో చెప్పే సలహాల కన్నా అదే నమ్మదగ్గ జవాబు.

4. రైతుతో మాట ఎలా సాగుతుందో వినండి

పశువు నోరు విప్పదు, రైతు అంతా ఒకేసారి చెప్పడు.

"నిన్న ఏటి పెట్టినావమ్మా?"

"ఏటీ లేదు బాబూ, రోజూ పెట్టిందే."

"మీ వీధిలో పెళ్లేమైనా అయిందా?"

అప్పుడు బయటపడుతుంది, మిగిలిన అన్నం గంపెడు గేదెకు పెట్టారని. అన్నంలోని పిండిపదార్థం పెద్దపొట్టలో ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. మేత మానేస్తుంది, పారుకుంటుంది, ముదిరితే పడిపోతుంది. ఈ ఒక్క ప్రశ్న తట్టకపోతే మందు ఎక్కడికో పోతుంది. జనంతో మాట్లాడ్డం చిరాకు కాబట్టి పశువుల వైపు వెళ్తాననేవాళ్లు ఇక్కడ బాగా ఆలోచించుకోవాలి.

5. "ఆడపిల్లలకు బలం చాలదు" అనే మాట

ఊళ్లలో ఇంకా వింటాం. కాన్పులో ముఖ్యం బలం కాదు, దూడ ఎలా ఉందో చెయ్యిపెట్టి తెలుసుకోవడం. ముందుకాళ్లు రెండూ, వాటి మీద తలా వస్తే సరైన పద్ధతి. మెడ వెనక్కి తిరిగి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. చేయకుండా నలుగురు మగాళ్లు తాడేసి లాగితే గర్భసంచి చిరుగుతుంది. సరిచేశాక కూడా పశువు ముక్కినప్పుడే లాగాలి.

6. సీటు సంగతి

ఇంటర్లో బైపీసీ ఉండాలి. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. వెటర్నరీ కౌన్సిల్ అఖిల భారత కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తుంది, కాబట్టి నీట్ ఎలాగూ రాయాలి. రాష్ట్ర సీట్లకు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏటా ప్రకటన ఇస్తుంది. పరీక్ష, రిజర్వేషన్, స్థానికత నిబంధనలకు ఆ ఏటి ప్రకటనే చదవండి, సీనియర్ల మాట మీద ఉండిపోవద్దు. దాని కళాశాలల్లో ఒకటి విజయనగరం జిల్లా గరివిడిలోనే ఉంది.

పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది. దానితో సహాయకుడి ఉద్యోగాలకు వెళ్లొచ్చు, కానీ డాక్టరుగా నమోదు కాలేరు. దానికి బీవీఎస్సీయే కావాలి.

ఆస్పత్రిలో అన్నాళ్లు నిలబడ్డాక రక్తం, వాసన సహించలేమని తేలితే డెయిరీ టెక్నాలజీ, ఫిషరీస్ డిగ్రీలు చూడండి. సముద్రతీరం ఉన్న ఈ జిల్లాల్లో ఫిషరీస్‌కి ఊరికి దగ్గర్లోనే పని దొరికే వీలుంది.