నాటక సమాజం బీరువాను భద్రపరచడం: ప్రతులు, కరపత్రాలు, కేసెట్లు, బడి రిజిస్టర్లు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత నాటక సమాజాల చరిత్ర ఒకచోట దొరకదు. కొంత ఆఫీసు బీరువాలో, కొంత కార్యదర్శి ఇంటి అటక మీద, కొంత హార్మోనిస్టు పెట్టెలో ఉంటుంది. అదంతా ఒకచోటికి చేర్చాక చాలామంది వెంటనే కరపత్రాలు ఒక కుప్ప, ఫొటోలు ఒక కుప్ప, ప్రతులు ఒక కుప్పగా వేరు చేస్తారు. ఆ పని మాత్రం చేయకండి. ఒక ప్రదర్శన తాలూకు నాటకం రాతప్రతి, కరపత్రం, ఓచర్లు, ఫొటోలు ఒకే కట్టలో ఉంటే ఆ కట్టే సాక్ష్యం. ఫొటో వెనక ఏమీ రాసి ఉండకపోవచ్చు, పక్కనున్న టెంట్ల బిల్లు తారీఖు చెబుతుంది. ఒకసారి విడదీశాక ఆ జత మళ్లీ కుదరదు.

కాబట్టి ముట్టుకోకముందే ప్రతి అరనూ ఫోనుతో ఫొటో తీయండి. తర్వాత ఒక గట్టి అట్ట రిజిస్టరు తీసుకుని వరస సంఖ్య, వచ్చిన తారీఖు, ఎవరిచ్చారు, శాశ్వతంగానా చూసి తిరిగివ్వడానికా, కట్టలో ఏమేమున్నాయి, ఏ అరలో పెట్టాం అనే గడులు గీయండి. దానంగా ఇచ్చినవాళ్ల చేత రెండు వాక్యాల ఉత్తరం రాయించి సంతకం తీసుకోండి. అది లేకపోతే పదేళ్ల తర్వాత వారసులొచ్చి అడిగినప్పుడు చెప్పడానికేమీ ఉండదు. సంఖ్యలు కాగితం వెనక ఓ మూల మెత్తటి పెన్సిలుతో వేయాలి. పెన్ను, స్టాంపు, అంటించే చీటీ ఏవీ వద్దు.

సమాజం కాగితాలు, అది నడిపే నాటక బడి కాగితాలు రెండు వేరు వరసలుగా ఉంచండి. రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం సమాజానివి. అడ్మిషన్, హాజరు, ఫీజు రిజిస్టర్లు, పాఠ్యప్రణాళిక, పరీక్ష మార్కులు బడివి. బడి పిల్లలే సమాజం నాటకంలో వేసినప్పుడు, ఆ కాగితం ఉన్నచోటే ఉంచి రెండో వరసలో దాని సంఖ్య రాస్తే చాలు.

అన్నిటికన్నా విలువైనవి బాగా నలిగిన ప్రతులు. అచ్చు పుస్తకం శుభ్రంగా ఉందని దాన్ని ఉంచి, నూనె మరకల ప్రాంప్టరు (తెర చాటు నుంచి మాటలందించేవాడి) ప్రతిని పారేసిన చోట్ల ఆ నాటకం ఎలా ఆడారో తెలిసే దారే పోయింది. పద్యం పక్కన రాసిన రాగం పేరు, కొట్టేసిన చరణాలు, ‘ఇక్కడ తెర’ అన్న గుర్తు, హార్మోనిస్టు శ్రుతి వివరం ప్రాంప్టరు ప్రతిలోనే ఉంటాయి. ఒక్కో నటుడికి రాసిచ్చిన పాత్ర ప్రతుల్లో అతని మాటలు, ఎదుటివాడి మాట చివరి ముక్క మాత్రమే ఉంటాయి. వాటిని అసంపూర్తి ప్రతులనుకుని పక్కన పెట్టకండి. పద్య నాటకంలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉంటారు గనుక పట్టికలో నటుడి పేరు పక్కన ఏ రంగమో రాయాలి, లేకపోతే ఇద్దరూ ఒక్కరే అయిపోతారు. స్త్రీ పాత్రలకు బయటి ఊళ్ల కళాకారిణుల్ని పిలిపించిన సంగతి కరపత్రంలో లేకపోయినా దారిఖర్చుల ఓచరులో దొరుకుతుంది.

మన వైపు ఇంకో రకం కాగితాలున్నాయి. ద్రౌపదమ్మ గుడి దగ్గర జరిగే భారతం ఉత్సవంలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివర దుర్యోధన వధ. ఆ కార్యక్రమాల పత్రికలు, ఉభయదారుల (ఒక్కో రోజు ఖర్చు భరించే దాతల) జాబితాలు, కళాకారులు చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు కూడా నాటక చరిత్రే. తాటాకు గ్రంథం ఏదైనా తగిలితే మీరే నూనె రాయడం, విప్పడం చేయకండి. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, అక్కడ తాళపత్రాలు తెలిసినవాళ్లను అడగండి.

తారీఖు లేని కరపత్రానికి కాలం కట్టే ఆధారాలు చాలా ఉన్నాయి. టికెట్టు ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్ 1కి ముందుది, నయా పైసల్లో ఉంటే 1957-64 నాటిది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు కాగితంపై ‘ఉత్తర ఆర్కాటు’ కనిపిస్తుంది. తిరుపతి జిల్లా అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాతిది. పేరు మారాక కూడా పాత లెటర్‌హెడ్ ఏళ్ల తరబడి వాడతారు, కనుక లెటర్‌హెడ్డు ‘ఇంతకు ముందు కాదు’ అని మాత్రమే చెప్పగలదు. తెలుగు సంవత్సరం పేరు ఉంటే అరవయ్యేళ్ల చక్రం లెక్కేయండి: కీలక అంటే 1908-09 గానీ 1968-69 గానీ. తమిళ పద్ధతిలో సంవత్సరం ఏప్రిల్ నడుమ మారుతుంది, ఉగాదికి కాదు. సరిహద్దు ఊళ్ల పత్రికల్లో ఆ తేడా చూసుకోవాలి. నెల, తేదీ, వారం మూడూ ఉండి సంవత్సరం లేకపోతే పాత క్యాలెండర్లలో ఆ వారం కుదిరే ఏళ్లు ఏరండి. తిథి కూడా ఉంటే తరచు ఒక్కటే మిగులుతుంది. ఊహించిన తారీఖు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, దేన్నిబట్టి ఊహించారో రాయండి.

ఇక నిల్వ. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు కాగితాన్ని తింటుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది. సెల్లోటేపు, లామినేషన్ రెండూ వద్దు: టేపు జిగురు గోధుమరంగు మరకై లోపలికి దిగుతుంది, లామినేషన్ మళ్లీ ఊడదు. కట్టలు చుట్టే గుడ్డ గంజి లేని, ఉతికిన తెల్ల నూలుదై ఉండాలి. గంజి వాసనకు రామబాణం పురుగు చేరుతుంది, ఎర్రగుడ్డ తడిస్తే రంగు దిగుతుంది. బీరువా నేలకు ఆరంగుళాల పైన, గోడకు ఆరంగుళాల దూరంలో ఉంటే చెదలు పట్టిన సంగతి ముందే కనబడుతుంది. కలరా ఉండల ఆవిరి మనుషులకు చెడ్డది, కొన్ని ప్లాస్టిక్కులకూ పడదు, వేయకండి. పురుగు పట్టిన కట్టను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే కాగితం మీద తేమ పడుతుంది. ఫొటోలు, కేసెట్లు ఫ్రీజరులో పెట్టకండి.

మనకు అసలు ప్రమాదం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు. 2021 నవంబరులో తిరుపతి మునిగింది గదా, కింది అరలో ఏమీ పెట్టకండి. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఎండలో వేయకుండా నీడలో, అచ్చులేని తెల్ల కాగితాలు మధ్యమధ్య పెట్టి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి. అంటుకున్న ఫొటోలను ఆరనివ్వకుండా చల్లని శుభ్రమైన నీళ్లలో ఉంచి మెల్లగా విడదీయాలి.

కేసెట్ల పని ఆలస్యం చేయకూడదు. మొదట పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరవండి, పొరపాటున చెరిగిపోవు. ప్లేయరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాకే ఎక్కించండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే తిప్పకండి, ప్లేయరు ద్వారా మిగతావాటికి అంటుతుంది. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా చేస్తే గంటన్నర కేసెట్టుకు సుమారు ఒకటిన్నర జీబీ పడుతుంది. ఎంపీ3 వినడానికి, దాచడానికి కాదు. ప్రతులను రంగుల్లోనే 300 డీపీఐతో, ఫొటోలను 600తో స్కాన్ చేయండి. ఫోను స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చేసే తొందరలో పెన్సిలు గుర్తుల్ని చెరిపేస్తాయి. డీటీపీ (కంప్యూటరులో టైపు) చేయించిన ప్రతులు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చి అక్షరాలుగా తెరుచుకుంటాయి. ఆ ఫాంటున్న కంప్యూటరు దొరికినప్పుడే పీడీఎఫ్ తీసి, పాఠాన్ని ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడులోకి మార్పించండి. అన్నిటికీ మూడు నకళ్లు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో.

బడి రిజిస్టర్లలో పిల్లల చిరునామాలు, తల్లిదండ్రుల వివరాలు, కులం ఉంటాయి. గ్రాంటు ఫైళ్లలో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లుంటాయి. అవి ఎవరికీ చూపకండి, ఇంటర్నెట్లో పెట్టకండి. ప్రతులు ఉన్నంత మాత్రాన ప్రచురించే హక్కు రాదు: నాటకకర్త మరణించిన ఏడాది దాటాక అరవయ్యేళ్ల వరకు కాపీరైటు వారసులది. 1970లో పోయినవారి నాటకానికి 2030 చివరిదాకా వాళ్ల అనుమతి కావాలి. ఆ అనుమతి ఉత్తరాన్ని ఆ నాటకం కట్టలోనే అన్నిటికన్నా పైన ఉంచండి. రిహార్సలుకు అడిగినవాళ్లకు జిరాక్సే ఇవ్వండి, అసలు ప్రతి బీరువా దాటకూడదు.